పే స్లిప్ నుంచి పింఛను దాకా – నాలుగో పాఠం: పాస్‌బుక్‌లో మూడో గడి

గత పాఠం చివర మీ పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, ఏదైనా ఒక నెల వరుసను ఉన్నదున్నట్టుగా కాగితం మీద రాసుకోమని అడిగాను. ఆ కాగితాన్ని ఇప్పుడు దగ్గర పెట్టుకోండి. రాసుకోని వారి కోసం ఒక నమూనా ఇస్తున్నాను. విజయవాడలో ఒక మందుల పంపిణీ సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగిని 2015 ఏప్రిల్‌లో 12,000 రూపాయల మూల వేతనంతో తొలి ఉద్యోగంలో చేరిందనీ, ఇప్పుడామె మూల వేతనం, కరవు భత్యం కలిపి 22,000 రూపాయలనీ, సంస్థ మొత్తం వేతనం మీద పీఎఫ్ కడుతోందనీ అనుకుందాం. ఆమె పాస్‌బుక్‌లో ఒక నెల వరుసలో మూడు అంకెలు కనిపిస్తాయి: ఉద్యోగి వాటా 2,640, యజమాని వాటా 1,390, పింఛను చందా 1,250.

మొదటి అంకె వేతనంలో 12 శాతం. దీన్ని మూడో పాఠంలోనే చూశాం. యజమాని కూడా అంతే సొమ్ము, అంటే 2,640 రూపాయలే కడతాడు గానీ, అది దారిలోనే రెండు పాయలుగా చీలిపోతుంది. 8.33 శాతం 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకానికి వెళ్తుంది, మిగిలింది పీఎఫ్‌లో పడుతుంది. అయితే ఈ 8.33 శాతాన్ని 22,000 మీద కాకుండా 15,000 మీదనే కట్టారు, ఎందుకంటే 2014 సెప్టెంబరు 1 నుంచి పింఛను చందాకు వేతన పరిమితి 15,000 రూపాయలు; ఈ పాఠంలోని లెక్కలన్నీ ఆ పరిమితి మీద వేసినవే. అంతకుముందు అది 6,500 ఉండేది కాబట్టి, పాత ఉద్యోగుల పాస్‌బుక్‌లలో 2014 ఆగస్టు వరకు ఇదే గడిలో 541 అన్న అంకె కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వం కూడా ఇదే పరిమితి మీద 1.16 శాతం పింఛను నిధికి జమ చేస్తుంది. బీడీ, ఇటుక, జనపనార, కొబ్బరి పీచు పరిశ్రమల్లో పీఎఫ్ చందా 12 శాతం కాదు, 10 శాతమే. ఆ పనుల్లో ఉన్నవారు మొదటి రెండు గడుల లెక్కను దానికి తగ్గట్టు మార్చుకోవాలి.

ఇక ఈ పాఠానికి అసలు విషయమైన మూడో గడి దగ్గరికి వద్దాం. ఆర్థిక సంవత్సరం ముగిశాక మొదటి రెండు గడుల కింద వడ్డీ పడుతుంది. 2023-24కీ, 2024-25కీ ఆ వడ్డీ 8.25 శాతం. మూడో గడి కింద మాత్రం ఏ సంవత్సరమూ వడ్డీ పడదు. దీన్ని చూసి తమ డబ్బు మీద వడ్డీ ఎగ్గొడుతున్నారని ఆందోళన పడేవారిని ప్రతి ఆఫీసులోనూ చూస్తాం. నిజానికి అక్కడ ఎగ్గొట్టడానికి మీ పేరు మీద విడిగా పెరిగే సొమ్ము అంటూ ఏదీ లేదు. మొదటి రెండు గడుల్లోని డబ్బు మీ సొంత ఖాతాది. మూడో గడిలోని 1,250 రూపాయలు సభ్యులందరి ఉమ్మడి నిధిలో కలిసిపోతాయి, మీకు మిగిలేది ఆ నెల మీరు సర్వీసులో ఉన్నారన్న నమోదు. కాబట్టి ఆ అంకెను బ్యాంకు నిల్వలా కాకుండా, హాజరు పట్టీలో పడిన సంతకంలా చదవడం అలవాటు చేసుకోవాలి. ఈ ఒక్క తేడా మనసులో పడితే మిగతా నిబంధనలు వాటంతటవే అర్థమవుతాయి.

పింఛను సూత్రాన్ని చూడండి. పింఛను లెక్కకు తీసుకునే వేతనాన్ని, సర్వీసు సంవత్సరాలతో గుణించి, 70తో భాగించాలి. వచ్చిందే నెల పింఛను. వేతనం అంటే చివరి 60 నెలల సగటు. అది కూడా 15,000 పరిమితికి లోబడే. చందాగా ఎంత కట్టారన్నది ఈ సూత్రంలో ఎక్కడా లేదని గమనించండి. మన విజయవాడ ఉద్యోగిని వేతనం ఎప్పుడో 15,000 దాటింది కాబట్టి ఆమెకిక మారేది సంవత్సరాల సంఖ్య ఒక్కటే. 12 సంవత్సరాల సర్వీసైతే 15,000ను 12తో గుణించి 70తో భాగిస్తే 2,571 రూపాయలు. అంటే ఒక్కో సంవత్సరం విలువ నెలకు దాదాపు 214 రూపాయల పింఛను. జీతం 22,000 నుంచి 60,000కు పెరిగినా ఆ 214 మారదు. ఒక సంవత్సరం సర్వీసు జారిపోతే మాత్రం 214 పోతుంది. (2014 సెప్టెంబరుకు ముందు సర్వీసు ఉన్నవారు ఆ కాలానికి 6,500 మీద, తర్వాతి కాలానికి 15,000 మీద విడివిడిగా లెక్క కట్టి రెండూ కలుపుకోవాలి.)

అన్ని సంవత్సరాల బరువు ఒకటి కాదు. 20 సంవత్సరాల సర్వీసు నిండి, 58 ఏళ్లకు పదవీ విరమణ చేసేవారికి సర్వీసుకు అదనంగా 2 సంవత్సరాలు కలుపుతారు. 19 సంవత్సరాలకు పింఛను 4,071 రూపాయలు. 20కి లెక్కలో 22 వస్తుంది కాబట్టి 4,714. మిగతా సంవత్సరాలు 214 చొప్పున తెస్తుంటే, ఆ ఇరవయ్యో సంవత్సరం ఒక్కటే 643 రూపాయలు తెస్తుంది. పద్దెనిమిదో, పందొమ్మిదో సంవత్సరంలో విసుగెత్తి ఉద్యోగం మానేయాలనుకునేవారు రాజీనామా రాసే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవడం మంచిది.

ఇంకో గీత 10 సంవత్సరాల దగ్గర ఉంది. నెలనెలా పింఛను రావాలంటే కనీసం 10 సంవత్సరాల సర్వీసు ఉండాలి. చివర మిగిలిన కాలం 6 నెలలు గానీ అంతకు మించి గానీ ఉంటే దాన్ని పూర్తి సంవత్సరంగా తీసుకుంటారు కాబట్టి, ఆచరణలో 9 సంవత్సరాల 6 నెలలకే ఆ గీత దాటినట్టు. ఈ 10 సంవత్సరాలు ఒకే సంస్థలో కానక్కర లేదు, వరుసగా ఉండనక్కర కూడా లేదు. మధ్యలో రెండేళ్లు ఖాళీగా ఉన్నా, మూడు ఉద్యోగాలు మారినా, అన్నీ కలిపి లెక్కిస్తారు. దీనికి ఒకే ఒక షరతు ఉంది: మధ్యలో ఎక్కడా పింఛను సొమ్ము వెనక్కి తీసుకుని ఉండకూడదు.

ఆ షరతును నేనే తప్పాను. 2011లో నా తొలి ఉద్యోగం మానేసినప్పుడు నాకు మూడేళ్ల సర్వీసు ఉంది. ఆ సంస్థ లెక్కల గుమస్తా బల్ల మీద రెండు ఫారాలు పెట్టి, పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తులు వేసి, అక్కడక్కడ సంతకాలు పెట్టమన్నాడు. మొదటిది 19, పీఎఫ్ మొత్తం తీసుకునేందుకు. రెండోది 10సి. ఆ 10సి ఫారంలో రెండు దారులు ఉంటాయని, సొమ్ము తీసుకోవడం ఒకటైతే, సర్వీసును భద్రపరిచే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవడం రెండోదని ఆయనా చెప్పలేదు, నేనూ చదవలేదు. చేతికి ఇరవై వేలకు అటూ ఇటూగా వచ్చింది, పాత స్కూటరు మరమ్మతుకు, ఇంటి అడ్వాన్సుకు సరిపోయింది. నా మూడు సంవత్సరాల సర్వీసు మాత్రం ఆ సంతకంతో చెరిగిపోయింది, తర్వాతి ఉద్యోగంలో లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైంది. గుమస్తాను తప్పు పట్టను, ఆ రోజుల్లో అందరూ అలాగే చేసేవారు.

10సి కింద వచ్చే సొమ్ము చివరి వేతనాన్నీ, సర్వీసు కాలాన్నీ బట్టి పథకంలోని పట్టిక ప్రకారం లెక్కకట్టినది. ఆ పట్టికను చందాలతో పోల్చి చూస్తే, పదేళ్ల లోపు వారికి దక్కేది దాదాపు తమ పేరున కట్టిన చందా మొత్తమే, వడ్డీ లేకుండా. 10 సంవత్సరాల గీత దాటినవారికి ఆ దారే మూసుకుపోతుంది. స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని, వయసు వచ్చాక 10డి ఫారంతో పింఛను కోరడమే మిగులుతుంది. అందుచేత ఉద్యోగం మారే ప్రతిసారీ పాటించవలసిన పద్ధతి ఇది: కొత్త సంస్థకు పాత యూఏఎన్ నంబరే (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ సభ్యత్వ సంఖ్య) ఇవ్వండి, పీఎఫ్‌ను బదిలీ చేయించండి, 10సి జోలికి వెళ్లకండి. అమెరికాకో గల్ఫ్‌కో వెళ్తూ, ఇక తిరిగి రామన్న ధీమాతో అన్నీ ఊడ్చుకుని వెళ్లేవారు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎక్కువే. వెళ్లేవారిలో ఎనిమిది, తొమ్మిది సంవత్సరాల సర్వీసు ఉన్నవారైనా ఈ ఒక్క ఫారం దగ్గర ఆగి ఆలోచించాలి.

బదిలీ అయ్యాక కొత్త పాస్‌బుక్ చూస్తే మరో గాభరా ఎదురవుతుంది. పాత సంస్థ నుంచి ఉద్యోగి వాటా, యజమాని వాటా వచ్చి చేరతాయి గానీ, అదే వరుసలో పింఛను గడిలో సున్నా ఉంటుంది. పై వివరణ గుర్తుంటే భయపడనక్కర లేదు. పింఛను సొమ్ము ఉమ్మడి నిధిలోనే ఉంది, కదలలేదు. కదలవలసింది సర్వీసు వివరం. అది అనుబంధం-కె అనే పత్రంలో కొత్త ఖాతాకు చేరుతుంది. మీరు చూడవలసింది ఆ పత్రంలో చేరిన తేదీ, మానేసిన తేదీ సరిగా ఉన్నాయా అన్నది.

ఈ తేదీల దగ్గరే ఎక్కువ క్లెయిములు చిక్కుకుంటాయి. మీరు మానేసిన తేదీని పాత సంస్థ నమోదు చేయకపోతే ఆ సర్వీసు తెరిచిన తలుపులా ఉండిపోతుంది. చివరి చందా పడిన నెల నుంచి 2 నెలలు గడిచాక, ఆధార్ ఓటీపీ సాయంతో ఆ తేదీని సభ్యులే యూఏఎన్ పోర్టల్‌లో నమోదు చేసుకునే వీలు 2020 నుంచి ఉంది. ఒకటి జాగ్రత్త: పోర్టల్‌లో పెట్టే తేదీ మీ రిలీవింగ్ లెటర్‌లోని తేదీతో సరిపోవాలి. జీతం లేని సెలవులో గడిచిన రోజులు చందా లేని రోజులుగా నమోదై, సర్వీసు నుంచి తగ్గుతాయి. 9 సంవత్సరాల 7 నెలలు పనిచేశాననుకున్నవారు, రెండు నెలల జీతం లేని సెలవు వల్ల 9 సంవత్సరాల 5 నెలల దగ్గర ఆగి, గీతకు ఇవతలే ఉండిపోవచ్చు.

కొందరి పాస్‌బుక్‌లో మూడో గడి అసలు నిండకూడదు. 2014 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ తొలిసారి పీఎఫ్‌లో చేరినప్పటికే వేతనం 15,000 మించి ఉన్నవారు పింఛను పథకంలో సభ్యులు కారు. వారి యజమాని వాటా 12 శాతం మొత్తం పీఎఫ్‌లోనే పడాలి. హైదరాబాద్ ఐటీ సంస్థల్లో నేరుగా 30,000 మూల వేతనంతో చేరిన యువతీ యువకులు ఈ కోవలోకి వస్తారు. అలాంటి వారి వరుసలో పొరపాటున 1,250 పడుతుంటే అది లాభం కాదు, తర్వాత సరిదిద్దుకోవలసిన తప్పు. వెంటనే హెచ్‌ఆర్ దృష్టికి తీసుకెళ్లండి. మన విజయవాడ ఉద్యోగిని చేరింది 12,000తో కాబట్టి, వేతనం తర్వాత పరిమితి దాటినా ఆమె సభ్యత్వం కొనసాగుతుంది.

పింఛను మామూలుగా 58 ఏళ్లకు మొదలవుతుంది. 50 నిండాక ముందుగానే కోరవచ్చు గానీ, 58కి తగ్గిన ప్రతి సంవత్సరానికీ 4 శాతం చొప్పున కోత పడుతుంది, ఆ కోత జీవితాంతం ఉంటుంది. 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం పెరుగుతుంది.

ఇంత కష్టపడి కాపాడుకోవడానికి ఆ పింఛను ఏపాటిది అన్న ప్రశ్న న్యాయమైనదే. ధరలు పెరిగినా ఈ పింఛను పెరగదు. కనీస పింఛనుగా 2014 సెప్టెంబరులో పెట్టిన 1,000 రూపాయలతో ఇవాళ ఇంటికి నెల బియ్యం కూడా రావు, నిజామాబాద్ జిల్లాలో దశాబ్దాల పాటు బీడీలు చుట్టిన మహిళలను అడిగితే ఈ మాట నాకంటే బాగా చెబుతారు. పదవీ విరమణ తర్వాత బతుకును దీని మీద ఆనించవద్దు, ఆ బరువు మోయవలసింది మొదటి రెండు గడులు. అయినా దీన్ని వదులుకోవద్దనడానికి నా దృష్టిలో అసలు కారణం కుటుంబ పింఛను. సర్వీసులో ఉండగా సభ్యుడు మరణిస్తే 10 సంవత్సరాల గీత వర్తించదు. ఒక్క నెల చందా పడి ఉన్నా జీవిత భాగస్వామికి పింఛను వస్తుంది, ఆ పింఛనులో 25 శాతం చొప్పున ఒకేసారి ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు నిండేదాకా అదనంగా వస్తుంది. పింఛను అందుకుంటూ మరణించినవారి భాగస్వామికి అందులో సగం కొనసాగుతుంది. ఆ వయసులో, ఆ స్థితిలో విడిగా ఇలాంటి భరోసా కొనుక్కోవడం మామూలు ఉద్యోగి కుటుంబానికి సాధ్యం కాదు.

ఈ వారం అభ్యాసం. ఒక కాగితం మీద మీరు ఇప్పటివరకు చేసిన ఉద్యోగాలను వరుసగా రాసి, ఒక్కోదాని ఎదురుగా చేరిన తేదీ, మానేసిన తేదీ, 10సి సొమ్ము తీసుకున్నారా లేదా అన్నది రాయండి. యూఏఎన్ పోర్టల్‌లోని సర్వీసు వివరాలతో పోల్చి, తేడా ఉన్నచోట ఎర్ర గీత గీయండి. సొమ్ము తీసుకున్న ఉద్యోగాలను కొట్టేసి, మిగిలిన సంవత్సరాలను కూడి, 10కీ 20కీ ఎంత దూరంలో ఉన్నారో చూడండి. ఇదివరకే పెళ్లయినవారు ఇ-నామినేషన్‌లో ఇంకా అమ్మానాన్నల పేర్లే ఉన్నాయేమో కూడా అదే విడతలో చూసుకోండి. ఐదో పాఠంలో గ్రాట్యుటీ లెక్క ఉంటుంది, దానికి ఈ తేదీల కాగితమే మళ్లీ కావాలి.