కార్బురేటర్ మనమే సరిచేసుకుందాం – 3వ పాఠం: స్లో సెట్టింగ్

రేస్ వదిలేసినా ఇంజన్ ఆగకుండా నిదానంగా తిరిగే వేగమే ‘స్లో’; దాన్ని సరిచేయడమే ఈ పాఠం. గత పాఠంలో ఫ్లోట్ గిన్నె (కార్బురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) విప్పి, కడిగి, పెట్రోల్ మట్టం సరిచూసుకున్నాం. ఆ పని పూర్తి కాకుండా స్క్రూల జోలికి వెళ్లవద్దు. మట్టం తప్పితే ఇక్కడ ఎంత తిప్పినా సెట్టింగ్ నిలవదు. ఉదాహరణగా పాత బుల్లెట్ 350కి వచ్చిన మిక్‌కార్బ్ వీఎం 24 తీసుకుందాం. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమలైన తరువాత కొత్త బళ్లు దాదాపుగా కార్బురేటర్ వదిలి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారిపోయినా, స్లైడ్ (రేస్ తిప్పితే పైకి లేచి గాలి దారి తెరిచే బిళ్ల) కార్బురేటర్ ఉన్న పాత బళ్లకు ఇదే పద్ధతి పనికొస్తుంది.

రేస్ వదిలేసినప్పుడు స్లైడ్ దాదాపు మూసుకుని ఉంటుంది; దాని కింది సన్నని సందులోంచి పోయే గాలికి మెయిన్ జెట్ (ఎక్కువ రేస్‌లో పెట్రోల్ అందించే సన్నరంధ్రపు ఇత్తడి ముక్క) నుంచి పెట్రోల్ లాగే బలం ఉండదు. అయితే స్లైడ్‌కు ఇంజన్ వైపున వాక్యూమ్ బలంగా ఉంటుంది కాబట్టి, అక్కడి చిన్న రంధ్రం గుండా, స్లో కోసం విడిగా ఉన్న స్లో జెట్ నుంచి వచ్చే పెట్రోల్ కొద్దిపాటి గాలితో కలిసి బయటికి వస్తుంది. రేస్ ఎనిమిదో వంతు తిప్పేవరకు బండి నడక ప్రధానంగా ఈ దారిమీదే ఆధారపడుతుంది. అందుకే ఫుల్ రేస్‌లో తడబడే బండికి, ఈ దారిలో గాలి, పెట్రోల్ పాళ్లు మార్చే మిక్చర్ స్క్రూ తిప్పడం వృథా శ్రమ.

స్లో స్క్రూ స్లైడ్‌ను కొద్దిగా ఎత్తి పట్టుకుంటుంది, అంతే. మిక్చర్ స్క్రూ విషయంలోనే చాలామంది పొరబడతారు. అది స్లైడ్‌కు ఎయిర్ ఫిల్టర్ వైపున ఉంటే గాలిని అదుపు చేస్తుంది. లోపలికి బిగిస్తే గాలి తగ్గి పెట్రోల్ పాలు పెరుగుతుంది. ఇంజన్ వైపున ఉంటే పెట్రోల్ మిశ్రమాన్నే అదుపు చేస్తుంది కనుక, బిగిస్తే పెట్రోల్ తగ్గుతుంది. మన వీఎం 24లో ఉన్నది మొదటి రకం.

బండిని పది నిమిషాలు నడిపి, ఇంజన్ బాగా వేడెక్కాక, చోక్ తీసేసి, ఆరుబయట స్టాండ్ వేయండి. మిక్చర్ స్క్రూను లోపలికి ఆనేవరకు మెల్లగా బిగించి, అక్కడినుంచి ఒకటిన్నర చుట్లు వదులు చేయండి. గట్టిగా బిగిస్తే సూదిమొన గాడిపడి, ఆ తరువాత ఏ సెట్టింగూ కుదరదు. ఇంజన్ ఆగకుండా ఉండేంత వరకు స్లో కాస్త పెంచి, మిక్చర్ స్క్రూను పావు చుట్టు తిప్పి, నాలుగైదు క్షణాలు ఆగి శబ్దం వినండి. వేగం పెరుగుతున్న వైపుకే తిప్పుతూ, అది అత్యధికంగా, నిలకడగా ఉన్న చోట ఆపండి. తరువాత స్లో తగ్గించి మరోసారి సరిచూడండి. కొందరు మెకానిక్‌లు మిక్చర్ ముట్టుకోకుండా స్లో ఒక్కటే పెంచి బండి ఇచ్చేస్తారు. దానితో లోపం పోదు, మరుగున పడుతుంది.

స్క్రూ పూర్తిగా బిగిసేదాకా వేగం పెరుగుతూనే ఉంటే, స్లో జెట్ మూసుకుపోయిందనో, ఇన్‌టేక్ జాయింట్ (కార్బురేటర్ ఇంజన్‌కు కలిసే చోటు) దగ్గర గాలి లీకవుతోందనో అనుమానించాలి. జెట్‌ను గుండుసూదితో పొడవకండి. ఇత్తడి మెత్తన కాబట్టి రంధ్రం పెద్దదవుతుంది, గాలి కొట్టించడమే మేలు. వదులు చేస్తూ మూడు చుట్లు దాటినా వేగం పెరుగుతూనే ఉంటే మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువగా ఉన్నట్టే. చోక్ తీసేసినప్పుడు పూర్తిగా ఆఫ్ అవుతోందో లేదో ముందు చూడండి.

చివరగా, ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్‌ను ఈ కొసనుంచి ఆ కొసకు తిప్పండి. వేగం పెరిగితే రేస్ కేబుల్ బిగుతుగా ఉన్నట్టు. దానికి రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఇచ్చి, స్లో మళ్లీ పెట్టుకోవాలి.