పిల్లల పేరున ఖాతా, తాళం మాత్రం మన దగ్గర

పిల్లలకి బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు వడ్డీ రేటు కన్నా ముందు చూడాల్సింది, డబ్బు తీసే హక్కు ఎవరి చేతిలో ఉంటుందన్నది. స్టేట్ బ్యాంకులో రెండు రకాలున్నాయి. ‘పెహ్లా కదమ్’ ఏ వయసు పిల్లలకైనా తల్లో తండ్రో గార్డియనో కలిసి తెరిచేది. ‘పెహ్లీ ఉడాన్’ పదేళ్లు దాటి, సంతకం ఒకేలా పెట్టగలిగే పిల్లలు సొంతంగా నడుపుకునేది. 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, పదేళ్లు నిండిన పిల్లలు ఏ బ్యాంకులోనైనా, ఆ బ్యాంకు పెట్టిన పరిమితుల మేరకు, సొంతంగా ఖాతా నడపొచ్చు. నడపొచ్చు అన్నారే గానీ నడపాలి అనలేదు. మీకు అదుపు కావాలంటే గార్డియన్ ఖాతానే అడగండి.

ఫారం నింపేటప్పుడు మొబైల్ నంబరు గడిలో మీ నంబరే రాయండి. అప్పుడు వంద రూపాయలు తీసినా మెసేజ్ మీకే వస్తుంది, ఓటీపీ కూడా. కార్డు తీసుకుంటే రోజువారీ పరిమితి ఎంతో కౌంటర్‌లోనే అడిగి, వీలైతే ఇంకా తగ్గించమనండి. ఆన్‌లైన్ కొనుగోళ్లు ఆపేయించడం మరీ ముఖ్యం, ఆటల యాప్‌లలో డబ్బు పోయేది అక్కడే. మైనర్ ఖాతాలో ఉన్నదానికి మించి తీయనివ్వరు కాబట్టి అప్పు పడుతుందన్న టెన్షన్ లేదు.

ఒక్క మాట: పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఒక్కో బిడ్డకి ఏడాదికి 1,500 రూపాయల దాకా మినహాయింపు పోను, మిగతా వడ్డీ తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ల లెక్కలో కలుస్తుంది. పద్దెనిమిది నిండగానే కొత్త సంతకం, కేవైసీ ఇవ్వాలి.