జన్యుమార్పిడి విత్తనాలు మరో దేశానికి పంపే ముందు

– ఆ దేశం కార్టజీనా ప్రోటోకాల్‌లో ఉందో లేదో చూడండి. జన్యుమార్పిడి జీవులను దేశాల మధ్య సురక్షితంగా తరలించడం కోసం 2003 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ఒప్పందం ఇది.

– పొలంలో నాటడానికైతే, మొదటి సరుకు కదలకముందే ఆ దేశ అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. అందినట్టు వాళ్లు 90 రోజుల్లో చెప్పాలి, నిర్ణయం 270 రోజుల్లో. పొరపాటు పడే చోటు ఇదే: గడువు దాటినా జవాబు రాలేదంటే ఒప్పుకున్నట్టు కాదు. విసుగొస్తుంది, నిజమే. అయినా సరుకు కదపొద్దు.

– ల్యాబ్‌లో, బయటి వాతావరణంలోకి పోకుండా వాడేదైతే ఈ ముందస్తు అంగీకార పద్ధతి వర్తించదు. అంతమాత్రాన ఆ దేశపు సొంత చట్టాలు పోవు. అవి విడిగా చదవాల్సిందే.

– పత్రాల్లో జీవి పేరు, మార్చిన లక్షణం, భద్రపరిచే తీరు, రెండువైపుల చిరునామాలు.

– సంచి చిరిగితే ఎవరికి ఫోన్ చేయాలో డ్రైవర్‌కి కూడా తెలియాలి.