యాభై దాటిన కారుకు వింటేజ్ రిజిస్ట్రేషన్: దరఖాస్తు ఎలా, అసలు అవసరమా?

నాన్నగారి కాలం నాటి ఫియటో, అంబాసిడరో షెడ్డులో ఉండి, దాని ఆర్సీ గడువు దగ్గరపడినవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. వింటేజ్ కింద రిజిస్టర్ చేయించాలా, మామూలుగా రెన్యువల్ చేయిస్తే సరిపోతుందా? ఇన్నేళ్లుగా పాత కార్లతో కుస్తీ పడుతున్నవాడిగా నా జవాబు: ఆదివారం పొద్దున కారు తీసుకుని టిఫిన్‌కి వెళ్లే అలవాటుంటే వింటేజ్ జోలికి పోకండి. ర్యాలీలకీ ప్రదర్శనలకీ మాత్రమే బయటికి తీసే కారైతే నిరభ్యంతరంగా వెళ్లండి. ఎందుకో లెక్కతో సహా చెప్తాను.

ఏది వింటేజ్ బండి?

1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలను రోడ్డు రవాణా శాఖ 2021 జూలైలో సవరించి ఈ పద్ధతి తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి యాభై ఏళ్లు నిండిన టూవీలర్లు, కార్లు దీని కిందికి వస్తాయి. విదేశాల నుంచి తెచ్చినవైనా సరే. ఇక్కడ చూసేది కారు తయారైన ఏడాదిని కాదు, మొదట రిజిస్టరైన తేదీని. 1975 జూన్‌లో తొలిసారి నంబరు పడిన ప్రీమియర్ పద్మినికి 2025 జూన్‌తో అర్హత వచ్చినట్టు. ర్యాలీ నిర్వాహకుల లెక్క వేరు. వాళ్లు 1919 నుంచి 1930 దాకా తయారైన వాటినే వింటేజ్ అంటారు. ఆ లెక్క చూసి బెంగపడకండి, ఆర్టీఓ ఆఫీసుకు యాభై ఏళ్లు చాలు.

వయసు ఒక్కటే సరిపోదు. బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్ (బండి అడుగున ఉండే చట్రం), బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. మన దగ్గర ఎక్కువ బళ్లు తేలిపోయేది ఇక్కడే. పెట్రోలు ధర భరించలేక 1489 సీసీ ఇంజన్ పీకేసి డీజిల్ ఇంజన్ పెట్టించిన అంబాసిడర్లు రెండు రాష్ట్రాల్లోనూ కొల్లలు. వాటికి ఈ దారి మూసుకున్నట్టే అనుకోవాలి. అసలు ఇంజన్ ఏ మూలో భద్రంగా ఉంటే, మంచి మెకానిక్ చేత మళ్లీ ఎక్కించి ఆర్సీలోని ఇంజన్ నంబరుతో సరిపోయేలా చేసుకున్నాకే ముందుకు కదలండి. సీట్ కవర్లు, టైర్లు, వైరింగు లాంటివి మార్చడం మరమ్మతు కిందికే వస్తుంది. యాభై ఏళ్ల కారుకు అవి మార్చకుండా ఎవరికైనా ఎలా కుదురుతుంది?

డబ్బు లెక్క, తిరుగుడు లెక్క

వింటేజ్ కింద కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత రీ-రిజిస్ట్రేషన్‌కు 5,000. మామూలు దారిలో, అంటే ఫారం 25 మీద, రెన్యువల్ ఐదేళ్లకోసారి. 2025 ఆగస్టులో ఫీజులు పెంచాక ఇరవై ఏళ్లు దాటిన కారుకు ఒక్కో రెన్యువల్ 10,000. అంటే మొదటి పదేళ్లకు రెండు దారుల్లోనూ ఖర్చు 20,000 దగ్గరే తేలుతుంది. గ్రీన్ ట్యాక్స్ లాంటి రాష్ట్ర పన్నులు వేరే. రెండో పదేళ్లలో మాత్రం వింటేజ్ బాగా చవక.

పాత జావా, లాంబ్రెటా లాంటివి ఉన్నవాళ్ల సంగతి వేరు. ఇరవై ఏళ్లు దాటిన మోటారు సైకిల్‌కి మామూలు రెన్యువల్ 2,000తో అయిపోతుంటే, వింటేజ్ పేరు కోసం 20,000 కట్టడం నా దృష్టిలో దండగ.

అసలు తేడా తిరగడంలో ఉంది. వింటేజ్ కింద నమోదైన బండిని రోజువారీ పనులకు గానీ కిరాయికి గానీ రోడ్డెక్కించకూడదు. ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, వింటేజ్ ర్యాలీ, వాటికి వెళ్లిరావడం, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు. ఇంతవరకే అనుమతి. పెళ్లిళ్లకు అద్దెకిద్దామనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోవాలి. కూతురిని పరీక్ష సెంటర్‌లో దింపడం కూడా ఆ జాబితాలో లేదు. పాత కారు ఉన్న సంతోషంలో సగం దాన్ని నడపడమే అనుకునేవాళ్లకు మామూలు రెన్యువలే మేలు. ఆర్సీ గడువుకు అరవై రోజుల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. గడువు దాటితే కారుకు నెలకు 500 చొప్పున అదనంగా పడుతుంది.

దరఖాస్తు కంటే ముందు పాత కాగితాలు

వింటేజ్ దరఖాస్తు ఫారం చిన్నదే. మనుషుల్ని తిప్పేది దాని వెనకున్న పాత కాగితాలు. ముందు ఆర్సీ ఎవరి పేరు మీద ఉందో చూడండి. చాలా ఇళ్లలో కారు కొడుకు దగ్గర, ఆర్సీ కాలం చేసిన తండ్రి పేరు మీద ఉంటాయి. అలాంటప్పుడు ఫారం 31 మీద వారసుడి పేరుకు మార్పించుకోవాలి. నిబంధన ప్రకారం బండి చేతికొచ్చిన మూడు నెలల్లోపు చేయాల్సిన పని ఇది. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న అఫిడవిట్ అడుగుతారు. అక్కచెల్లెళ్లలో ఒకరు అమెరికాలో ఉంటే ఆ సంతకానికే నెలలు పడుతుంది కాబట్టి ముందు దీన్నే మొదలెట్టండి. కొనుక్కున్న కారైతే ఫారం 29, 30. వేరే రాష్ట్రం నుంచి వచ్చినదైతే ఫారం 28 మీద ఎన్‌ఓసీ.

రెండోది అప్పు ముద్ర. ఎప్పుడో తీర్చేసిన లోన్ తాలూకు హైపోథికేషన్ ఆర్సీలో అలాగే మిగిలిపోయి ఉంటుంది. అది తీసేయడానికి బ్యాంకు సంతకంతో ఫారం 35 కావాలి. ఆ బ్యాంకే ఇప్పుడు లేకపోతే? విలీనం చేసుకున్న బ్యాంకు బాధ్యత అది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిశాయి. బ్రాంచి మేనేజరుకు ఆ లోన్ ఖాతా కనపడకపోవచ్చు. అలాగని ఊరుకోకుండా పాత పాస్‌బుక్కు, లోన్ తీరినప్పుడు ఇచ్చిన ఉత్తరం, ఏది దొరికితే అది జత చేసి రాతపూర్వకంగా అడగండి.

ఆర్సీ పోయి ఉంటే పోలీసు ఫిర్యాదుతో ఫారం 26 మీద డూప్లికేట్ తీసుకోవాలి. చెదలు తినగా మిగిలిన ముక్కనైనా పారేయకండి. పాత రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కకపోతే, ఆఫీసులో లెడ్జరు వెతికించి బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి. ఆ వెతుకులాటలో ఆ ముక్క మీది తేదీ, నంబరే దారి చూపుతాయి. ఏజెంటు చేతిలో అసలు కాగితాలు పెట్టి మర్చిపోవడం మంచిది కాదు. జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ మీరే పట్టుకెళ్లండి.

దరఖాస్తు

ఫారం 20 నింపాలి. దరఖాస్తు పరివాహన్ పోర్టల్ ద్వారా వేయాలి. అయితే ముందొకసారి మీ ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లి, వింటేజ్ దరఖాస్తులు చూసే అధికారి ఎవరో కనుక్కుంటే చాలా తిరుగుడు తప్పుతుంది. ఇలాంటివి అరుదుగా వస్తాయి. కౌంటర్లో కూర్చున్నవారికి కొత్త అయితే, నిబంధన కాపీ ఒకటి మీ ఫైల్లో ఉండటం మీకే లాభం. గొంతు పెంచి లాభం లేదు.

ఫారంతో పాటు చెల్లుబాటులో ఉన్న ఇన్సూరెన్స్ పాలసీ, ఫీజు, మన దేశంలో ఇదివరకే రిజిస్టరైన బండైతే పాత ఆర్సీ, దిగుమతి చేసుకున్నదైతే కస్టమ్స్ వారి బిల్ ఆఫ్ ఎంట్రీ ఇవ్వాలి. అన్నీ సక్రమంగా ఉంటే అరవై రోజుల్లోగా ఫారం 23ఏ రూపంలో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఇవ్వాలని నిబంధన.

నంబరు సంగతి అందరూ ఆత్రంగా అడుగుతారు. ఇదివరకే రిజిస్టరైన బండికి పాత నంబరు అలాగే ఉంచుకోవచ్చు. 1989కి ముందు నాటి మూడక్షరాలు, నాలుగంకెల నంబరు మీద మమకారం ఉన్నవాళ్లకు ఇదే పెద్ద ఊరట. కొత్తగా రిజిస్టరయ్యే వాటికి రాష్ట్ర కోడ్, ఆ పక్కన వింటేజ్‌ను సూచించే ‘వీఏ’, ఆపైన రెండక్షరాల సిరీస్, చివర 0001 నుంచి 9999 వరకు ఒక సంఖ్య వస్తాయి. తెలంగాణలో అది టీజీతో, ఆంధ్రలో ఏపీతో మొదలవుతుంది.

తనిఖీకి బండిని సిద్ధం చేయడం

ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు చదవగలిగేలా ఉండాలి. గ్రీజు, పెయింటు పొరల కింద కూరుకుపోయి ఉంటే కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడవండి. ఇసుక కాగితంతో గీకితే అంకెలు అరిగి, నంబరు చెరిపేశారన్న అనుమానం మీ మీదికే వస్తుంది. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చు ముందే తీసి ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చుకోండి. పాత గుమాస్తాల చేతిరాతలో 1కి 7కి తేడా తెలియదు.

రంగు కూడా చూస్తారు. ఆర్సీలో తెలుపని ఉండి బండి నీలంగా ఉంటే ముందు ఆ మార్పు ఎక్కించుకోవాలి, లేదా తెలుపు కొట్టించాలి. కొట్టించేటప్పుడు మెరిసే మెటాలిక్ రంగులకు పోకండి. అసలు రూపం అన్న మాటకు అక్కడే గండి పడుతుంది.

బ్రేకులు, లైట్లు, హారను పని చేయాలి. ఏళ్ల తరబడి ఆగిన కారులో వీల్ సిలిండర్లు బిగుసుకుపోతాయి. రబ్బరు కిట్లు, పైపులు కొత్తవి వేయించండి. ఇప్పటి పెట్రోల్లో కలిసే ఇథనాల్ పాత రబ్బరును తినేస్తుంది. అందుకే పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రమ్ కూడా ఆ చేత్తోనే మార్పిస్తే దారిలో ఆగిపోయే బాధ తప్పుతుంది. సామాన్లకు విజయవాడ ఆటోనగర్‌లో మొదలెట్టండి. దొరక్కపోతే చెన్నై పుదుపేట ఎటూ ఉంది. బిల్లులు దాచిపెట్టండి. మార్చింది ఒక చిన్న భాగమే తప్ప ఇంజన్ కాదని చూపించడానికి పనికొస్తాయి.

ఇన్సూరెన్స్ ఏజెంటుకు చెప్పాల్సింది

వింటేజ్ కారుగా రిజిస్టరైన ప్రైవేటు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియంలో సగం తగ్గింపు ఉంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్లలో 1000 నుంచి 1500 సీసీ కారుకు ప్రీమియం 3,416 రూపాయలు. 1089 సీసీ పద్మిని, 1489 సీసీ అంబాసిడర్ రెండూ ఇందులోకే వస్తాయి కాబట్టి కట్టాల్సింది 1,708, ఆపైన జీఎస్టీ. ఈ తగ్గింపు చాలామంది ఏజెంట్లకు తెలియదు. ఫారం 23ఏ చేతికి రాగానే దాని కాపీ పంపి, తర్వాతి రెన్యువల్‌లో ఆ సగం తగ్గిందో లేదో పాలసీ కాగితంలో మీరే చూసుకోండి.