బొమ్మల మడతల్లో సన్నటి నీడ గీత: నాకు కుదిరిన పద్ధతి

బొమ్మల కొలువు కోసం రెండంగుళాల ప్లాస్టర్ బొమ్మలకు అక్రిలిక్ రంగులు వేస్తుంటాను. పంచె మడతల్లో నీడ గీత గీయగానే పక్కలకు పాకి మరకయ్యేది. సన్న బ్రష్, జెల్ పెన్, చిక్కటి నలుపు, ఏదీ పనిచేయలేదు.

చివరికి గీయడం మానేసి, పారనిచ్చాను. ముందుగా, వేసిన రంగు మీద మెరుపునిచ్చే గ్లాసీ వార్నిష్ ఒక పూత వేసి రాత్రంతా ఆరబెట్టాను. దాని మీద రంగు ఇంకదు, జారుతుంది. ముదురు గోధుమ రంగులో చుక్క నీలం కలిపి నీళ్ల మజ్జిగలా పల్చన చేశాను. బ్రష్‌ను గుడ్డకు అద్ది, మొనను మడత మొదట్లో ఊరికే తాకించాను. రంగు దానంతటదే సందు వెంట కిందికంటా పాకింది. వెంట్రుకంత గీత! అలాగే చూస్తూ ఉండిపోయాను. అంచు దాటినదాన్ని ఆరకముందే తడి బ్రష్‌తో ఎత్తేశాను. మా తిరుపతి ఎండకు ఇట్టే ఆరిపోతుంది, అందుకే ఒక్కో మడతే చేశాను.

మడత లోతుగా ఉంటేనే కుదిరింది. నున్నటి ముఖం మీద కనుబొమలకు పనికిరాలేదు. మట్టి బొమ్మల మీద ఇంకా చేసి చూడలేదు.