బోర్డు అంటే ఎన్ని అర్థాలు? ఒక ఇంగ్లీషు మాట మూలం వెతికే పద్ధతి

నేను ఇంగ్లీషు పాఠాలు చెబుతాను. ఒక మాటకు పది అర్థాలున్నాయనగానే చాలామంది బట్టీ పట్టడానికి కూర్చుంటారు. నాకు ఆ పద్ధతి అస్సలు నచ్చదు. మూలం తెలిస్తే సగం అర్థాలు వాటంతటవే గుర్తుంటాయి. ఎలా వెతకాలో 'బోర్డు' అనే మాటతో చేసి చూపిస్తాను.

ముందే డిక్షనరీ తెరవకండి. మీకు తెలిసిన వాడకాలన్నీ ఒక కాగితం మీద రాయండి: బ్లాక్‌బోర్డు, డైరెక్టర్ల బోర్డు, బోర్డింగ్ స్కూలు, కప్‌బోర్డు, బోర్డింగ్ పాస్. ఒక్కో దాని పక్కన 'ఇందులో చెక్క ఉందా?' అని రాసుకోండి. బ్లాక్‌బోర్డులో ఉంది, సరే. బోర్డింగ్ స్కూలుకూ చెక్కకూ ఏం సంబంధం? పొంతన కుదరని చోట గుర్తు పెట్టుకోండి. మనం వెతకాల్సింది వాటినే.

ఇప్పుడు డిక్షనరీ. నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసినవి బాగా వాడుకలో ఉన్న అర్థాన్ని ముందు ఇస్తాయి, కాబట్టి ఈ పనికి అంతగా ఉపయోగపడవు. మెరియం-వెబ్‌స్టర్, ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ పాత అర్థంతో మొదలుపెట్టి కొత్త వాటికి వస్తాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రతి అర్థానికీ సంవత్సరంతో సహా పాత వాక్యాలు దొరుకుతాయి. దాని మొదటి భాగం 1884లో వస్తే, మొత్తం పూర్తయ్యేసరికి 1928 అయింది. నేను ముందు చూసేది దాన్నే.

ప్రాచీన ఇంగ్లీషులో బోర్డ్ అంటే చెక్క పలక, బల్ల. బల్ల దగ్గర కాసేపు ఆగండి, సరుకంతా అక్కడే ఉంది. భోజనం పెట్టేది బల్ల మీదే కాబట్టి భోజనానికే బోర్డ్ అనే పేరొచ్చింది. అందుకే గది, తిండి కలిపి ఇస్తే 'రూమ్ అండ్ బోర్డ్', తిండి పెట్టి ఉంచుకునే బడి బోర్డింగ్ స్కూలు. బల్ల చుట్టూ కూర్చుని నిర్ణయాలు చేసేవాళ్లు డైరెక్టర్ల బోర్డు అయ్యారు. కప్‌బోర్డు మొదట్లో కప్పులు పెట్టుకునే ఉత్త బల్లే, తలుపులు తర్వాత వచ్చాయి. పేకాటలో చేతులు బల్ల పైన అందరికీ కనిపించేలా పెడితే మోసానికి వీల్లేదు. దాపరికం లేని వ్యవహారాన్ని 'అబౌ బోర్డ్' అనడం అక్కడి నుంచే వచ్చింది.

ఇక బోర్డింగ్ పాస్. దీన్ని బల్లకు ముడిపెట్టాలని చూడకండి, అతకదు. అలా అతకనప్పుడు అదే రూపంలో ఇంకో మాట ఉందేమో చూడాలి. ఉంది: అంచు, ఓడ పక్కభాగం అనే అర్థాలతో ప్రాచీన ఇంగ్లీషులో మరో 'బోర్డ్' ఉండేది. ఈ రెండింటి మూలం ఒకటేనా కాదా అన్నదానిపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఓడ ఎక్కడానికి వాడిన మాట తర్వాత రైలుకూ విమానానికీ వచ్చింది. ఓడ అంచు దాటి నీళ్లలో పడితే 'ఓవర్‌బోర్డ్'.

స్టార్‌బోర్డ్‌లో నక్షత్రమేమీ లేదు. అందులోది 'స్టీర్', అంటే ఓడను దారిలో తిప్పి నడపడం. పాతకాలం ఓడలకు చుక్కాని తెడ్డు కుడి పక్కన ఉండేది, అందుకే ఓడ కుడివైపుకు ఆ పేరు. ఎడమవైపు లార్‌బోర్డ్. సముద్రం హోరులో కేక వేస్తే ఈ రెండింటికీ తేడా ఏం తెలుస్తుంది? బ్రిటిష్ నౌకాదళం 1844లో, అమెరికా నౌకాదళం 1846లో లార్‌బోర్డ్‌ను పక్కనపెట్టి 'పోర్ట్' అనమన్నాయి.

చివరగా, బాగున్న కథను వెంటనే నమ్మేయకండి. ఇంగ్లండు నుంచి ఇండియాకు ఓడలో వెళ్లే డబ్బున్నవాళ్లు పోయేటప్పుడు పోర్ట్ వైపు, వచ్చేటప్పుడు స్టార్‌బోర్డ్ వైపు నీడపట్టు గదులు తీసుకునేవారట. 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్' అన్న మాటల మొదటి అక్షరాలు టికెట్ల మీద ముద్రిస్తే దర్జా అయినది అనే అర్థంలో వాడే 'పాష్' అనే మాట పుట్టిందట. వినడానికి ఎంత బాగుందో! కానీ అలా ముద్రించిన టికెట్టు ఒక్కటీ ఇంతవరకూ దొరకలేదు.