ప్రమాదంలో కాళ్లు చచ్చుబడితే పరిహారం కేసు ఎలా వేయాలి?

రోడ్డు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని మనిషి మంచాన పడితే ఇంటిల్లిపాదీ ఆస్పత్రి చుట్టూనే తిరుగుతారు. కేసు సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. కానీ 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో గడువు ఆరు నెలలే.

ముందు కాగితాలు. తిరుపతి రుయా ఆస్పత్రిలో చేర్చినా, స్విమ్స్‌లో చేర్చినా, రోడ్డు ప్రమాదమని చెప్పి ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు పనికొచ్చే ఆస్పత్రి నమోదు) రాయించండి. కంగారులో ఎవరైనా 'జారిపడ్డాడు' అని రాయిస్తే ఇన్సూరెన్స్ లాయరు చివరిదాకా ఆ మాటే పట్టుకుంటాడు. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, గుద్దిన బండి ఆర్‌సీ, పాలసీ నకళ్లు తీసుకోండి. వేలూరు తీసుకెళ్లి చూపిస్తే అక్కడి బిల్లులతో పాటు కారు బాడుగ రసీదులూ దాచాలి.

తర్వాత మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద మోటారు ప్రమాదాల పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. ప్రమాదం రాణిపేట దగ్గర జరిగినా, చిత్తూరులో ఉండేవాళ్లు చిత్తూరులోనే వేసుకోవచ్చు.

అసలు పోరాటం వైకల్యం శాతం దగ్గరే. సదరం సర్టిఫికెట్‌లో (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) 75 శాతం అని ఉందనుకోండి. చంద్రగిరి తాపీమేస్త్రీకి రెండు కాళ్లూ పడిపోతే అతని సంపాదన పోయింది 75 శాతమా, మొత్తమా? శరీర వైకల్యం వేరు, సంపాదించే శక్తి పోవడం వేరు అని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో తేల్చింది. అతని వయసు 32, నెల ఆదాయం 15,000 అయితే, భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపి 21,000. ఏడాదికి 2,52,000. ఆ వయసుకు కోర్టులు వాడే గుణకం 16తో హెచ్చిస్తే 40,32,000. 75 శాతమే లెక్కేస్తే పది లక్షలు పోయినట్టే! అందుకే వైద్యం చేసిన డాక్టరును సాక్షిగా పిలిపించమని మీ లాయరును గట్టిగా అడగండి.

రెండోది, చూసుకునే మనిషి ఖర్చు. భార్యో తల్లో చేస్తున్నారు కదా, దానికి డబ్బేమిటని చాలామంది అడగనే అడగరు. అడగాలి. ఫిజియోథెరపీ, క్యాథెటర్లు, డైపర్లు, పడకపుండ్ల వైద్యం, వీల్‌చైరు, ఇవన్నీ బతికినన్నాళ్లూ ఉండే ఖర్చులే.

లోక్ అదాలత్‌లో రాజీకి పిలిస్తే ఈ లెక్క చేతిలో పెట్టుకుని వెళ్లండి, అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు. లాయరు ఫీజుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోండి. వికలాంగులకు ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది.